తడబడిన చోటే పాఠం: వెబ్‌సైటు మంచిచెడ్డలు గుర్తుపట్టడం ఎలా నేర్చుకోవాలి?

ఒక వెబ్‌సైటు బాగుందా అని అడిగితే మనలో చాలామంది ముందుగా చెప్పేది దాని రంగుల గురించి, బొమ్మల గురించి, కొత్తగా ఉందా పాతగా ఉందా అన్నదాని గురించి. గృహప్రవేశానికి వెళ్లినవారు ఇంటి గురించి చెప్పే మాటలు కూడా ఇలాగే ఉంటాయి: గచ్చు బాగుంది, గుమ్మం బాగుంది. అదే ఇంట్లో ఏడాది కాపురమున్నవారిని అడిగితే వంటింటి స్విచ్చు తలుపు వెనకాల పడిందనీ, వానాకాలంలో బట్టలారేసుకునే చోటు లేదనీ, వీధి వాకిలి తీసినప్పుడల్లా చెప్పుల అలమరకు తగులుతుందనీ చెబుతారు. వెబ్‌సైటు మంచిచెడ్డలు తెలుసుకోదలచినవారు అతిథి చూపు వదిలి కాపురమున్నవారి చూపు అలవరచుకోవాలి. అందుకు కంప్యూటర్ చదువు అవసరం లేదు. ఒక నోటుపుస్తకం, ఒక ఫోను, పక్కన కూర్చోనిచ్చే నలుగురైదుగురు మనుషులు ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఈ పద్ధతికి ఆధారం ఒకే గమనింపు. వాడేవారు ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి మళ్లారో, ఎక్కడ "ఇదేనా?" అని సందేహించారో, అక్కడ ఆ సైటు కట్టినవారి ఆలోచనకూ వాడేవారి ఆలోచనకూ పొత్తు కుదరలేదన్నమాట. అలాంటి చోటును ఈ వ్యాసంలో తడబాటు అంటాను. సూత్రాలు ముందు బట్టీపట్టి తరువాత సైట్లు చూడటం కంటే, తడబాట్లు ముందు పోగుచేసుకుని ఆ తరువాత సూత్రాల దగ్గరకు వెళ్లడమే మేలని నా అనుభవం. అలా వెళ్లినప్పుడు ప్రతి సూత్రానికీ మీ దగ్గర ఒక మనిషి ముఖం, ఒక సంఘటన సిద్ధంగా ఉంటాయి.

పనిని ఎంచుకోవడం

మొదట ఒక సైటును కాదు, ఒక పనిని ఎంచుకోవాలి. "ఈ సైటు చూసి ఎలా ఉందో చెప్పండి" అంటే ఎవరైనా మర్యాదకు బాగుందనే చెబుతారు. పని కచ్చితంగా ఉండాలి, పూర్తయిందో లేదో తేలిపోయేలా ఉండాలి. వచ్చే శుక్రవారం రాత్రి విజయవాడ నుంచి సికింద్రాబాదుకు స్లీపరు క్లాసులో సీటు దొరుకుతుందో లేదో చూడటం ఒక పని. కరెంటు బిల్లు కట్టి, రశీదు ఫోనులో దాచుకోవడం ఒక పని. తెలుగు వికీపీడియాలో సొంత మండలం గురించిన పేజీ తెరిచి, ఆ మండలంలో ఎన్ని గ్రామాలున్నాయో చెప్పడం ఇంకొకటి. మూడింటిలోనూ జవాబు ఒకటే ఉంటుంది, మధ్యలో వాదనకు తావుండదు.

ఆ పనిని ముందు మీరే, ఫోనులోనే చేయాలి. పెద్ద తెరమీద పక్కపక్కన కనిపించేవన్నీ ఫోనులో ఒకదాని కింద ఒకటి పడతాయి, మెనూ మూడు గీతల వెనక దాక్కుంటుంది, కీబోర్డు తెరుచుకోగానే సగం పేజీ మూసుకుపోతుంది. తెర వెడల్పును బట్టి పేజీ తనంతట తాను సర్దుకునేలా కట్టే పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ అనే వెబ్ డిజైనరు "రెస్పాన్సివ్ వెబ్ డిజైన్" అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినప్పటినుంచి చాలా సైట్లు ఫోనులో కనీసం పగలకుండా కనిపిస్తున్నాయి. కానీ సర్దుకోవడం వేరు, ఫోను వాడేవారిని దృష్టిలో పెట్టుకుని కట్టడం వేరు. పని చేస్తున్నంతసేపూ వేసిన ప్రతి అడుగునూ ఒక వరుసలో రాయండి: ఏం నొక్కారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది. రెండోదానికీ మూడోదానికీ తేడా ఉన్న ప్రతి చోటా ఒక చుక్క పెట్టండి.

ఆ తరువాత అదే పనిని వేరొకరి చేత చేయించాలి. ఇందులో అతి కష్టమైన భాగం నోరు మూసుకుని కూర్చోవడం. అమ్మ కళ్లముందే ఉన్న బటన్‌ను వదిలేసి ఇంకెక్కడో వెతుకుతుంటే వేలు పెట్టి చూపించాలనిపిస్తుంది. చూపించిన మరుక్షణం ఆ పరీక్ష ముగిసినట్టే. వారితో ముందే ఇలా చెప్పాలి: "పరీక్ష సైటుకు, మీకు కాదు. మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ చేయండి. నేను సాయం చేయను, తప్పుగా అనుకోకండి." వారు "ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే "నేను లేకపోతే ఏం చేసేవారు?" అని తిరిగి అడగాలి. పని పూర్తయ్యాక మాత్రం పద్ధతి చూపించి, వారి సందేహం తీర్చే లేవాలి. పెద్దవాళ్లను తికమకపెట్టి నోటుపుస్తకం మూసుకుని వెళ్లిపోవడం మర్యాద కాదు.

ఎంతమందితో చేయించాలన్న ప్రశ్నకు, సైట్లు వాడటానికి ఎంత తేలికో పరీక్షించే రంగంలో అందరూ చెప్పుకునే జవాబు ఆ రంగపు నిపుణుడు జాకబ్ నీల్సన్ ఇచ్చినది. ఒక్కొక్కరిని పరీక్షించినప్పుడు సగటున 31 శాతం లోపాలు బయటపడతాయన్న లెక్కమీద, అయిదుగురితో సుమారు 85 శాతం తేలిపోతాయని ఆయన 2000లో రాశారు. అయితే అయిదుగురూ ఒకే రకం మనుషులైతేనే ఈ లెక్క నిలుస్తుంది. కాలేజీ కుర్రవాళ్లు అయిదుగురు, అరవై దాటినవారు అయిదుగురు అంటే అవి రెండు వేర్వేరు పరీక్షలు.

ముందూ వెనకా

నా సొంత పొరపాటు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక చిన్న గ్రంథాలయానికి పుస్తకాల జాబితా పేజీలు తయారుచేసి ఇచ్చాను. పేజీకి ఇరవై పుస్తకాలు, అడుగున రెండు బటన్లు: ఒకదానిమీద "ముందు పేజీ", ఇంకొకదానిమీద "వెనక పేజీ". ఇంతకంటే తేలిక ఏముంటుందనుకున్నాను. మొదటిసారి దాన్ని వాడిన రిటైర్డ్ మాస్టారు మూడో పేజీ దాకా వెళ్లి, ఇందాక చూసిన పుస్తకం మళ్లీ చూద్దామని "ముందు పేజీ" నొక్కారు. నాలుగో పేజీ వచ్చింది. "ముందు చూసినది కదా కావాలి?" అన్నారాయన. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. తెలుగులో "ముందు" అంటే ఇంతకుమునుపూ అవుతుంది, ఇకపై రాబోయేదీ అవుతుంది. "మా ముందు తరం" ఒకవైపు, "ముందున్న రోజులు" ఇంకొకవైపు. "వెనక" కూడా అంతే: దీని వెనక వచ్చేది అంటే తరువాతిదే. నేను ఇంగ్లిషు బటన్‌ను మనసులో పెట్టుకుని తెలుగు మాట తగిలించాను. చివరకు ఆ బటన్లు "తరువాతి 20 పుస్తకాలు", "ఇంతకుముందు చూసిన 20 పుస్తకాలు" అయ్యాయి. బటన్లు పొడుగయ్యాయి, అందం కాస్త తగ్గింది, కానీ ఆ తరువాత వాటిదగ్గర ఎవరూ ఆగలేదు.

ఇలాంటిదే "సమర్పించండి". దరఖాస్తు చివర ఆ మాట చూసిన ఒక పెద్దావిడ "ఏం సమర్పించాలమ్మా?" అని మనవరాలిని అడగడం నేను విన్నాను. దేవుడికి సమర్పించేది పువ్వులు, పళ్లు. దరఖాస్తును మనం పంపుతాం, లేదా ఇస్తాం. "దరఖాస్తు పంపండి" అని రాస్తే ఏం జరగబోతోందో బటనే చెబుతుంది. మంచి బటన్‌మీద క్రియ ఉంటుంది, ఆ క్రియకు కర్మ కూడా ఉంటుంది. "సరే" అన్న మాటకంటే "200 రూపాయలు చెల్లించండి" అన్న మాట వేయిరెట్లు నయం. అలాగని ప్రతిదానికీ అచ్చతెలుగు మాట పుట్టించడం కూడా తడబాటుకే దారితీస్తుంది. జనం నోట పాస్‌వర్డు, ఓటీపీ, డౌన్‌లోడ్ నలిగిపోయాయి. వాటిని వాటిలాగే ఉంచడం వాడేవారికి సౌకర్యం.

తడబాటుకు కారణం పేరు పెట్టడం

పది పన్నెండు తడబాట్లు పోగయ్యాక వాటిని వర్గాలుగా విడదీయవచ్చు. ఇక్కడ సూత్రాలు పనికివస్తాయి. నీల్సన్, రాల్ఫ్ మోలిచ్ కలిసి 1990లో మొదలుపెట్టి, నీల్సన్ 1994లో మెరుగుపరచిన పది సూత్రాల జాబితాను ఇప్పటికీ ఈ వృత్తిలోని వారు వాడుతున్నారు. పదీ ఒకేసారి నేర్చుకోనక్కరలేదు. నా నోటుపుస్తకంలోని తడబాట్లలో ఎక్కువ భాగం మూడు నాలుగింటి కిందకే వస్తాయి.

మొదటిది, ఇప్పుడేం జరుగుతోందో సైటు చెబుతోందా లేదా అన్నది. డబ్బు చెల్లించే బటన్ నొక్కిన తరువాత తెరమీద ఏ కదలికా లేకపోతే మనిషి ఏం చేస్తాడు? రెండోసారి నొక్కుతాడు. ఆ తరువాత రెండుసార్లు డబ్బు కట్ అయిందేమోనని బ్యాంకు మెసేజి కోసం ఎదురుచూస్తాడు. పదో వంతు సెకనులోపు స్పందన వస్తే మనం నొక్కినందువల్లే జరిగిందనిపిస్తుంది. ఒక సెకను దాటితే ఆలోచన ధార తెగుతుంది. పది సెకన్లు దాటితే మనసు వేరే పనిమీదకు పోతుంది. రాబర్ట్ మిల్లర్ అనే పరిశోధకుడు 1968లో కంప్యూటర్ల గురించి చేసిన పరిశీలనల నాటినుంచి దాదాపు ఇవే హద్దులు చెబుతున్నారు. యంత్రాలు వేల రెట్లు వేగవంతమయ్యాయి గానీ ఎదురుచూసే మనిషి మారలేదు. అందుచేత ఆలస్యం తప్పని చోట "బ్యాంకు నుంచి జవాబు కోసం చూస్తున్నాం, పేజీ మూయకండి" అన్న ఒక్క వాక్యమైనా ఉందో లేదో చూడండి.

రెండోది, తప్పు జరిగినప్పుడు సైటు ఎలా మాట్లాడుతుందన్నది. సైటు సంస్కారం బయటపడేది ఇక్కడే. అన్నీ సరిగా నింపినప్పుడు ఏ దరఖాస్తయినా బాగానే ఉంటుంది. అందుచేత కావాలని ఒక తప్పు చేసి చూడండి. పిన్‌కోడులో అయిదు అంకెలే రాయండి, ఫోను నంబరు మధ్యలో ఖాళీ వదలండి. "వివరాలు సరిగా లేవు" అని పేజీ పైన ఎక్కడో ఎర్రగా రాసి ఊరుకునే సైటు ఒక రకం. పిన్‌కోడు గడి కిందనే "ఆరు అంకెలుండాలి, ఒకటి తక్కువైంది" అని చెప్పేది ఇంకొక రకం. ఫోను నంబరులోని ఖాళీని తానే తీసేసుకుని మారుమాట్లాడకుండా ముందుకు సాగేది అన్నిటికంటే ఉత్తమ రకం. ఇక తప్పు చూపించి, నింపిన ఇరవై గడులూ చెరిపేసే సైట్లున్నాయి. వాటి గురించి సంయమనంతో రాయడం కష్టం.

మూడోది, గుర్తుంచుకోవలసిన భారం ఎవరిది అన్నది. మొదటి పేజీలో చూపిన దరఖాస్తు సంఖ్యను నాలుగో పేజీలో మళ్లీ టైపు చేయమంటే ఆ భారం మనిషిమీద వేసినట్టే. కాగితంమీద రాసుకోవలసి వచ్చిన ప్రతిసారీ మీ నోటుపుస్తకంలో ఒక చుక్క పడాలి.

పేర్లు, జిల్లాలు, దరఖాస్తులు

దరఖాస్తు ఫారాలకు వేరే ఒక పూట కేటాయించినా నష్టం లేదు, ఎందుకంటే సైటు కట్టినవారు లోకాన్ని ఎలా ఊహించుకున్నారో గడులే చెప్పేస్తాయి. ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత రాసే తెలుగువారు "మొదటి పేరు, చివరి పేరు" అన్న రెండు గడుల ముందు తప్పకుండా ఆగుతారు. చివరి పేరు అంటే చివర రాసేదా, వంశం పేరా? ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసుకునే అలవాటున్నవారు ఆ అక్షరమే రాస్తే "కనీసం రెండక్షరాలుండాలి" అంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినందువల్ల అమెరికా వీసాలో పేరుండవలసిన చోట "పేరు తెలియదు" అన్న అర్థమిచ్చే మూడు ఇంగ్లిషు అక్షరాలు అచ్చయి, అక్కడికి వెళ్లాక బ్యాంకులోనూ లైసెన్సు ఆఫీసులోనూ అదే పేరుగా చలామణీ అయినవారు మనలో ఉన్నారు. ఒక గడి ఊహ ఎంత దూరం వెళుతుందో చూడండి. రెండు గడులు నిజంగా అవసరం లేని చోట "పూర్తి పేరు, ఆధార్ కార్డులో ఉన్నట్టు" అన్న ఒక్క గడి చాలు.

జాబితాలు కూడా ఇలాగే పరీక్షించాలి. తెలంగాణలో 33 జిల్లాలున్నాయి. వాటిని ఇంగ్లిషు అక్షరక్రమంలో పేర్చితే హైదరాబాద్ నాలుగోది. తెలుగు అక్షరక్రమంలో పేర్చితే అన్నిటికంటే చివరిది. పేర్లు తెలుగులోకి మార్చి, వరుస మాత్రం ఇంగ్లిషుదే ఉంచేసిన జాబితాలో ఆదిలాబాద్ తరువాత భద్రాద్రి, ఆ వెంటనే హనుమకొండ వస్తాయి. ఏ క్రమంలో ఉన్నాయో వాడేవారికి అంతుపట్టదు, పైనుంచి కిందకు అన్నీ చదవవలసి వస్తుంది. నిజానికి తెలుగు అక్షరక్రమం కూడా అందరికీ గబుక్కున తట్టదు. ఒకటి రెండు అక్షరాలు టైపు చేయగానే పేర్లు వడపోసి చూపించే గడి, ఇంగ్లిషులో టైపు చేసినా తెలుగులో టైపు చేసినా పనిచేస్తే, ఈ తంటా తీరుతుంది.

గడుల క్రమంకంటే ముందు ఇంకొక ప్రశ్న ఉంది: అసలు ఇది ఇప్పుడే అడగాలా? 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం ప్రారంభించిన సైటులో, పథకాలనూ ధరలనూ చూడాలన్నా ముందు ఖాతా తెరిచి గుర్తింపు నిరూపించుకోవాలన్న ఏర్పాటు ఉండేది. ఊరికే చూసి పోదామనుకున్నవారు కూడా లక్షలాదిగా ఆ ఒక్క వాకిట్లోనే ఇరుక్కుపోయారు. మొదటిరోజు ఆ సైటు ద్వారా బీమాలో చేరగలిగినవారు ఆరుగురు. అక్కడ సాంకేతిక లోపాలు ఇంకా చాలా ఉన్నాయి, కానీ దుకాణంలోకి అడుగుపెట్టకముందే రిజిస్టరులో సంతకం చేయమన్న ఆ నిర్ణయం యంత్రాలది కాదు, మనుషులది.

దీనికి ఎదురుగా చదవదగ్గది బ్రిటన్ ప్రభుత్వ సైటు. విడివిడిగా ఉన్న శాఖల సైట్లను ఒక గూటికి చేర్చుతూ 2012లో మొదలైంది. మరుసటి ఏడు లండన్ డిజైన్ మ్యూజియం వారి ఆ సంవత్సరపు ఉత్తమ రూపకల్పన బహుమతి దానికే దక్కింది. తెరిచి చూస్తే బహుమతి ఎందుకిచ్చారో మొదట అర్థం కాదు: తెల్లని పేజీ, నల్లని అక్షరాలు, బొమ్మలు దాదాపు లేవు. ఏదైనా ఒక సేవ తెరిచి నడవండి. ఒక్కో పేజీకి ఒక్కో ప్రశ్న, ప్రశ్న కింద అవసరమైతే ఒక వాక్యం వివరణ, చివర ఇచ్చిన జవాబులన్నీ ఒకసారి సరిచూసుకునే పేజీ. ఇరవై గడుల ఫారం ముందు బెదిరిపోయే మనిషి ఇరవై చిన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటూ పోగలడన్నది అందులోని కిటుకు.

తెలుగు లిపి కోరేది

తెలుగు సైట్లను చూసేవారు ఇంగ్లిషు పుస్తకాల్లో దొరకని కొన్ని విషయాలు నేర్చుకోవాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లిషుకు సరిపోయే వరుస ఎడం తెలుగుకు సరిపోదు. పై వరుసలో "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" లాంటి మాట, కింది వరుసలో "కీర్తి", "ధీరుడు" లాంటి మాట పడినప్పుడు ఒత్తు వెళ్లి గుడికి తగులుతుంది. సైటును పరీక్షించేటప్పుడు శీర్షికలోనూ, బటన్‌మీదా, మెనూలోనూ ఇలాంటి మాటలు వెతికి చూడండి. బటన్ అడుగున ఒత్తు సగం తెగిపోయి ఉండటం తెలుగు సైట్లలో తరచు కనిపించే లోపం. వరుస ఎడం అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది సాధారణంగా చెప్పే మాట. తెలుగు పాఠానికి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంటే కంటికి హాయిగా ఉంటుందని నాకనిపిస్తుంది.

అక్షరం పరిమాణం సంగతీ అంతే. ఒకే అంకె ఇచ్చినా తెలుగు అక్షరం ఇంగ్లిషు అక్షరంకంటే ఇరుకుగా కనిపిస్తుంది, ఎందుకంటే అదే చోటులో ఎక్కువ వంపులు పట్టాలి. చిన్న పరిమాణంలో "ధ"కూ "థ"కూ తేడా చెప్పే చుక్క అలికేసినట్టవుతుంది. బొద్దు అక్షరాల్లో పెడితే చుక్కే కాదు, లోపలి ఖాళీలన్నీ పూడుకుపోతాయి. రామభద్ర లాంటి బరువైన ఫాంటు పెద్ద శీర్షికకు నిండుదనమిస్తుంది గానీ పేరా మొత్తం దానితో పెడితే చదవలేం; పేరాకు మండలి, నోటో సాన్స్ తెలుగు వంటివి నప్పుతాయి. ఇంగ్లిషులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలతో నొక్కి చెప్పినట్టు చెప్పే వీలు మనకు లేదు, వాలు అక్షరాలు మన సంప్రదాయంలో లేవు. కాబట్టి ప్రాధాన్యాన్ని పరిమాణంతో, ఎడంతో, రంగుతో చూపించాలి.

పేరా రెండు అంచులూ సమంగా ఉండేలా సర్దడం అచ్చు పుస్తకంలో అందమే. ఫోను తెరమీద మాత్రం, "చేసుకోవాలనుకుంటున్నవారికి" లాంటి ఒక్క మాటే వరుసను మింగేసే భాషలో, అలా సర్దితే మిగిలిన వరుసల్లో మాటల మధ్య గుంతలు పడతాయి. ఎడమ అంచు సమంగా ఉంచి కుడి అంచును వదిలేయడమే మేలు.

పాఠాన్ని బొమ్మగా పెట్టడం ఇంకొక పాత జబ్బు. దానికి ఒకప్పుడు కారణముంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ మొదటి కూర్పు 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, మామూలు కంప్యూటర్లలో అది కనిపించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రోజుల్లో పత్రికలు ఎవరి ఫాంటు వారు తయారుచేసుకునేవారు, చదవాలంటే ఆ ఫాంటు దింపుకోవాలి, లేదంటే బొమ్మే గతి. విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చాక, 2003లో తెలుగు వికీపీడియా మొదలయ్యాక ఆ సాకు క్రమంగా చెల్లిపోయింది. బొమ్మలోని తెలుగును వెతకలేం, పెద్దది చేస్తే పక్కకు పోతుంది, చూపు లేనివారికి వినిపించే సాఫ్టువేరు దాన్ని చదవలేదు. సైటులోని ఒక వాక్యంమీద వేలు నొక్కి పట్టి చూడండి. అక్షరాలు ఎంపిక కాకపోతే అది బొమ్మ కావచ్చు.

భాష మార్చే ఏర్పాటును కూడా పరీక్షించండి. ఇంగ్లిషు పేజీలో సగం దాకా చదివి "తెలుగు" నొక్కితే అదే పేజీ తెలుగులో రావాలి. చాలాచోట్ల మొదటి పేజీకి విసిరేస్తుంది, మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. ఆ బటన్‌మీద భాష పేరు ఆ భాష లిపిలోనే ఉండాలన్నది చెప్పనక్కరలేదు. ఇంగ్లిషు రాని మనిషికి ఇంగ్లిషులో రాసిన "తెలుగు" దేనికి పనికివస్తుంది?

కొలవగలిగినవి

ఇప్పటిదాకా చెప్పినవి మనిషిని చూసి నేర్చుకునేవి. కొన్నింటికి మాత్రం కొలతలున్నాయి. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ సంస్థ అందరికీ అందుబాటు గురించి ఇచ్చిన మార్గదర్శకాల 2.2 కూర్పు 2023 అక్టోబరులో వచ్చింది. దాని ప్రకారం మామూలు పరిమాణపు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కు 1 చాలు. తెలుపుమీద నలుపు 21కి 1. లేత బూడిదరంగు అక్షరాలు ఏసీ గదిలోని కొత్త తెరమీద నాజూకుగా ఉంటాయి. మే నెల మధ్యాహ్నం బస్టాండులో అదే పేజీ తెరిచి చూడండి. వేలితో నొక్కవలసినవి కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలనీ, లేదా వాటి చుట్టూ తగినంత ఎడం ఉండాలనీ అదే కూర్పు చెబుతుంది. లక్ష్యం ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే దాన్ని అందుకోవడానికి అంత సమయం పడుతుందని పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ప్రయోగాలతో చూపించారు.

వేగానికి గూగుల్ పెట్టిన మూడు హద్దులు వాడుకలో ఉన్నాయి: పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కిన తరువాత స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, చదువుతుండగా పేజీ జరిగిపోవడాన్ని కొలిచే అంకె 0.1 దాటకూడదు. మూడోదాన్ని మీరు అనుభవించే ఉంటారు: వార్త శీర్షిక నొక్కబోతుండగా పైన ప్రకటన ఊడిపడి, వేలు ప్రకటనమీద పడటం. కంప్యూటర్‌లోని క్రోమ్ బ్రౌజరులో లైట్‌హౌస్ అనే పరికరం ఉచితంగా ఉంటుంది, అది ఏ పేజీకైనా వేగానికీ అందుబాటుకూ 100కు మార్కులు వేస్తుంది. ఆ మార్కులను లోపాలు పట్టడానికి వాడండి, మెచ్చుకోలుకు కాదు. పేజీలో ఒక్క వాక్యమూ అర్థం కాకపోయినా 100 రావచ్చు. యంత్రానికి "ముందు పేజీ" గొడవ తెలియదు.

యంత్రంకంటే మంచి పరీక్ష ఇంకొకటి ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో, తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, ఇందాకటి పనినే చేయడానికి ప్రయత్నించండి. పేరులేని బటన్లన్నిటినీ అది "బటన్, బటన్" అని చదువుకుంటూ పోతుంది. ఇది తెలుగు పేజీ అని కోడులో ప్రకటించకపోతే తెలుగును ఇంగ్లిషు గొంతుతో పలకవచ్చు, లేదా మౌనంగా దాటిపోవచ్చు. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల తరువాత మీరు సైట్లను చూసే తీరు మారుతుంది.

తడబాటు కావాలని పెట్టినదైతే

నోటుపుస్తకంలోని కొన్ని చుక్కలు సైటు కట్టినవారి అజాగ్రత్త వల్ల పడినవి కావు. చేరడానికి ఒక నొక్కు, మానుకోవడానికి ఏడు పేజీలు. బుట్టలో మీరు వేయని విరాళం. "ఇంకా రెండే మిగిలాయి" అన్న తొందర. వద్దనేవారిని సిగ్గుపరిచే మాటలు. ఇలాంటి ఎత్తులకు హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైన్ నిపుణుడు 2010లో "డార్క్ ప్యాటర్న్స్" అని పేరు పెట్టారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించి, 13 రకాలను పేర్కొని నిషేధించింది. కాబట్టి ప్రతి తడబాటు పక్కనా "దీనివల్ల లాభమెవరికి?" అన్న ప్రశ్న రాయండి. ఎవరికీ లాభం లేకపోతే అది పొరపాటు. సైటుకే లాభమైతే దాన్ని వేరే పేజీలో రాసుకోండి.

పాత అలవాటుకూ అసలు లోపానికీ తేడా పోల్చుకోవడం కూడా అవసరం. ఇంగ్లిషు వికీపీడియా 2023 జనవరిలో రూపం మార్చి, పెద్ద తెరలమీద వరుసల పొడవు తగ్గించినప్పుడు ఇరువైపులా తెల్లగా ఖాళీ మిగిలిందని చాలామంది పాత పాఠకులు విసుక్కున్నారు. పొట్టి వరుస చదవడానికి తేలికన్నది ఎప్పటినుంచో ఉన్న మాటే; అయినా ఏళ్ల తరబడి ఒక ఇంట్లో తిరిగిన కాలికి గడప జరిపితే తగులుతుంది. కొత్తవారిచేతా పాతవారిచేతా విడిగా చేయించి చూస్తే ఏది గడప, ఏది గోతి అన్నది తెలుస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సైట్ల పాత రూపాలు దొరుకుతాయి. ఒకే సైటు పదేళ్లలో ఎలా మారిందో వరుసగా చూడటం కూడా మంచి చదువే.

నోటుపుస్తకంలో ఒక తడబాటును ఎంచుకుని, ఆ పేజీని కాగితంమీద పెన్సిలుతో మళ్లీ గీయండి. గీత వంకరగా ఉన్నా ఫరవాలేదు. అదే మనిషి ముందు పెట్టి, అదే పని ఇచ్చి, బటన్‌మీద వేలు పెట్టమనండి. మొదటి ప్రయత్నంలో కుదరకపోతే చెరిపి ఇంకొకటి గీయండి. ఈ మాత్రం చేశాక ఆ సైటువారికి ఉత్తరం రాసే అర్హత మీకు వచ్చినట్టే. ఆ ఉత్తరంలో "మీ సైటు బాగోలేదు" అన్న మాట వద్దు. ఏ పేజీ, ఏ ఫోను, ఏ పని చేయబోయారు, ఏం నొక్కారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది, ఎంతమంది అక్కడే ఆగారు అన్నవి రాసి, తెర బొమ్మ (స్క్రీన్‌షాట్) జతచేయండి. పంపేముందు ఆ బొమ్మలో ఆధార్ నంబరు, ఫోను నంబరు కనిపించకుండా కప్పేశారో లేదో ఒకసారి చూసుకోండి.